కుడి చేతికి కొన్న గ్లౌజు

నాకు ఆటల గురించి ఏమీ తెలియదన్న సంగతి మా ఇంట్లో నాకు తప్ప అందరికీ తెలుసు. నేనొక ఇన్సూరెన్స్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. ఎదుటివాళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం నా ఉద్యోగమన్నమాట. ఏళ్ల తరబడి తప్పులు పట్టీ పట్టీ, నా వల్ల మాత్రం తప్పు జరగదన్న నమ్మకం ఒకటి నాలో స్థిరపడిపోయింది. మా ఆయన దాన్ని రోగం అంటారు. ఆయనది కరీంనగర్, మాది తెనాలి. పెళ్లయి పదహారేళ్లయినా ఆయన యాస మారలేదు, నా ముక్కు మీద కోపమూ దిగలేదు.

మేముండేది అమెరికాలో, షికాగో పక్కన నేపర్‌విల్‌లో. మాకు ఒక్కతే అమ్మాయి, దానికి పదకొండేళ్లు. సాఫ్ట్‌బాల్ అంటే పిచ్చి. బేస్‌బాల్ లాంటి ఆటే, బంతి కొంచెం పెద్దది, ఎక్కువగా ఆడపిల్లలు ఆడతారు. పేరు చూసి బంతి మెత్తగా ఉంటుందనుకోకండి. ఒకసారి నా మోకాలికి తగిలితే వారం రోజులు మెట్లెక్కలేకపోయాను. డాన్సు, చెస్సు, ఈత, వీణ, ఇలా మేం చేర్పించినవేవీ దానికి అంటలేదు. ఇదొక్కటే అది తనంతట తాను పట్టుకున్నది.

పోయిన ఏడాది మార్చిలో మా ఊరి టీమ్‌కి పిల్లల్ని ఎంపిక చేశారు. ట్రయౌట్స్ అంటారు. మా అమ్మాయి బాగానే పరిగెత్తింది, బ్యాటు బాగానే ఊపింది, వచ్చిన బంతినల్లా పట్టుకుంది. విసరమన్నప్పుడే వచ్చింది చిక్కు. స్కూల్ జిమ్‌లో ఆ చివర కోచ్ నిలబడితే, ఈ చివర నుంచి ఇది వేసిన బంతి సగం దూరంలోనే నేల మీద పడి, రెండు గంతులేసి, ఆ తర్వాత దొర్లుకుంటూ వెళ్లింది. ఐదుసార్లు వేసింది. ఐదుసార్లూ అంతే. మూడు రోజుల తర్వాత మెయిల్ వచ్చింది, ఈసారికి చోటు లేదని. ఆ రోజు పిల్ల ఏడవలేదు. దోసె తినలేదు, టీవీ పెట్టలేదు, ఊరికే మెట్ల మీద కూర్చుంది. ఏడ్చినా బాగుండేది, దగ్గరకు తీసుకోవడానికి నాకో వంక దొరికేది.

ఏడాది తిరిగింది. ఈ ఫిబ్రవరిలో ఒకరోజు స్కూల్ నుంచి తీసుకొస్తుంటే కార్‌లో అంది.

"అమ్మా, ఈ ఇయర్ కూడా టీమ్‌లో రాకపోతే నేను క్విట్ చేసేస్తా. పక్కా."

"క్విట్ చేయడం ఎందుకే? సరదాగా ఆడుకోవచ్చుగా."

"సరదాగా ఎవరితో ఆడాలి? అందరూ టీమ్‌లో ఉంటారు కదా."

దానికి నా దగ్గర జవాబు లేదు. జవాబు లేకపోతే నాకు కోపమొస్తుంది. కోపమొస్తే పనిలో పడతాను. ఇంటికి రాగానే దాని ఆటల సంచి హాల్లో బోర్లించి, దుప్పటి మీద ఒక్కొక్కటీ పరిచాను. ఫలితం తప్పొస్తుంటే ముందు సామాను చూడాలి, మనిషి సంగతి తర్వాత. మా ఆఫీసు పద్ధతి అదే.

హెల్మెట్ బాగానే ఉంది. బ్యాటు బాగానే ఉంది. బూట్లు రెండు సైజులు పెద్దవి. ఎదిగే పిల్ల కదా అని నేనే కొన్నాను, ముందు భాగంలో దూది కుక్కి. అది తప్పేనని అక్కడికక్కడే ఒప్పుకున్నాను, మనసులోనే. ఆ తర్వాత గ్లౌజు తీశాను. బంతి పట్టడానికి ఒక చేతికి తొడుక్కునే తోలు గ్లౌజు అది. మా ఫ్యామిలీ ఫ్రెండ్స్ వాళ్ల అబ్బాయి చిన్నప్పుడు వాడింది మాకిచ్చారు. నేను తొడుక్కుని చూశాను. కుడి చేతికి ఎక్కలేదు. ఎడమ చేతికి చక్కగా పట్టింది.

అదిగో, తప్పు దొరికిందనుకున్నాను.

నా తర్కం వినండి. ఈ గ్లౌజు పని బంతిని అందుకోవడం. ప్రసాదమైనా, పెళ్లి శుభలేఖైనా, పక్కింటివాళ్లిచ్చిన కేకు ముక్కైనా మనం కుడి చేత్తోనే అందుకుంటాం. మా అమ్మాయిదీ కుడిచేతి వాటమే. అలాంటి పిల్లకు గ్లౌజు ఎడమ చేతికి తొడిగితే ఎక్కడ ఆడగలదు? ఇది ఎడమచేతి వాటం పిల్లల గ్లౌజు. ఆ ఫ్రెండ్స్ అబ్బాయిది పుర్రచెయ్యి అయ్యుండాలి, వాళ్లమ్మ చిన్నప్పుడే పట్టించుకుని మార్పించలేదు కాబోలు అనుకున్నాను. ఆవిడ మీద కొంచెం జాలి కూడా పడ్డాను.

మైదానంలో మిగతా పిల్లలు ఏ చేతికి తొడుక్కుంటారో చూడొచ్చుగా అని మీరడగొచ్చు. చూళ్లేదండీ. వేసవి క్యాంపులో దాన్ని దింపేసి ఇండియన్ స్టోర్‌కి వెళ్లి, బెండకాయలు ఏరుకుని వచ్చేసరికి ఆట అయిపోయేది. ట్రయౌట్స్ రోజున మాత్రం కూర్చున్నాను గానీ, అప్పుడు నా కళ్లు దాని మొహం మీదే ఉన్నాయి.

గురువారం లంచ్ టైమ్‌లో ఎవరికీ చెప్పకుండా వెళ్లాను, పిల్లకు సర్‌ప్రైజ్ ఇద్దామని. ఊరి చివర ఒక కొట్టుంది, వాడిన ఆటసామాన్లు కొని అమ్ముతారు. లోపలికి అడుగుపెట్టగానే పాత సాక్సుల వాసన. ఒక గోడ నిండా గ్లౌజులే. కొట్టు చూసుకునేది డెబ్బై ఏళ్ల పెద్దాయన, మోకాళ్లకు పట్టీలు వేసుకుని మెల్లగా నడుస్తున్నాడు.

"మీ పాప ఏ చేత్తో విసురుతుంది?" అని అడిగాడు.

"కుడి చేత్తో. రాయడం, తినడం, అన్నీ కుడి చేత్తోనే," అన్నాను గర్వంగా.

ఆయన ఒక గ్లౌజు తీసిచ్చాడు. తొడుక్కుంటే ఎడమ చేతికే పట్టింది. నాకు చిర్రెత్తుకొచ్చింది. నేను చెప్పింది ఒకటైతే ఆయన ఇచ్చేది ఇంకొకటి.

"ఇది ఎడమ చేతిది. నాకు కుడి చేతికి పట్టేది కావాలి."

"కుడి చేతికి పట్టేదైతే లెఫ్టీ పిల్లలకు, మేడమ్. విసిరే చెయ్యి ఖాళీగా ఉండాలి కదా."

"నేను ఆలోచించుకునే వచ్చాను. దాని సమస్యేమిటో నేను కనిపెట్టాను. మీరు కుడి చేతిదే ఇవ్వండి."

ఆయన ఇంకోసారి నోరు తెరిచాడు. నేను చెయ్యి ఎత్తి ఆపేశాను. మా ఆయన ఎప్పుడూ అంటారు, నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లని. పెద్దాయన తల గోక్కుని, ఎక్కడో కింది అరలోంచి ఒకటి తీశాడు. బెల్లం రంగు తోలు, వేళ్ల మధ్య ఎర్ర దారం కుట్టు, బాగా మెత్తబడింది. కుడి చేతికి తొడుక్కుంటే నా చేతికే వదలబుద్ధి కాలేదు.

"ఇది ఫైనల్ సేల్. వాపసు తీసుకోం. ఆలోచించుకోండి," అన్నాడు.

"ఆలోచించేశాను," అన్నాను.

ఇంటికొచ్చాక కొత్త వస్తువు కదా, దేవుడి దగ్గర పెట్టి బొట్టు పెడదామనుకున్నాను. తోలు కదా, మనసొప్పలేదు. దేవుడి అరకు ఎదురుగా సోఫాలో పెట్టి, మధ్యలో నిలబడి దణ్ణం పెట్టుకున్నాను.

సాయంత్రం పిల్ల దాన్ని చూసి ఒక్క గంతు వేసింది. తొడుక్కోబోయి ఆగింది. అటు తిప్పి, ఇటు తిప్పి, నా వైపు చూసింది.

"అమ్మా, ఇది లెఫ్టీ గ్లవ్."

"కాదు, కుడి చేతిది. తొడుక్కో."

"కుడి చేతికి వేసుకుంటే నేను ఏ చేత్తో త్రో చేయాలి?"

చిన్న ప్రశ్న. మూడో తరగతి పిల్లలకు వేయొచ్చు. బంతిని పట్టుకున్నాక విసరాలి కూడా కదా, విసిరే చేతికి అంత లావు తోలు తొడిగితే విసిరేదెలా అన్న ఆలోచన ఆ నిమిషం వరకూ నా బుర్రలోకి రాలేదు. అందుకునే చెయ్యి గురించే ఆలోచించాను. మా ఆయన వంటింట్లోంచి వచ్చి, సంగతి విని, గోడ పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. ఆయన నవ్వి నవ్వి నేల మీద కూర్చుండిపోయారు.

"గా షాపాయన జెప్పలేదా నీకు?"

"చెప్పాడు."

"మరి?"

"నేను వినలేదు. సరేనా? ఇంక ఆపండి."

ఆయన ఆపలేదు. నేను కోపంగా వెళ్లి పప్పు పోపు పెట్టాను, మిరపకాయలు నాలుగు ఎక్కువ వేసి. పిల్ల మాత్రం నవ్వలేదు. "పర్లేదు అమ్మా, నా ఓల్డ్ గ్లవ్ ఉంది కదా," అంది. ఆ ఓదార్పు నవ్వు కంటే ఎక్కువ గుచ్చుకుంది. ట్రయౌట్స్‌కి ఇంక పదిహేడు రోజులే ఉంది.

శనివారం మంచు కరిగి ఎండ కాసింది. పెరట్లో తండ్రీకూతుళ్లు బంతి ఆడుతున్నారు. గడ్డి నిండా బురద. నేను కిటికీలోంచి చూస్తున్నాను. పాత గ్లౌజుతో ఎప్పటిలాగే వేసింది, బంతి ఎప్పటిలాగే ఆయన కాళ్ల ముందు పడింది. కాసేపటికి విసుగొచ్చిందేమో, కొత్త గ్లౌజు తెచ్చుకుని కుడి చేతికి తొడుక్కుంది. "నాన్నా, అమ్మ స్టైల్‌లో ఆడుదాం," అంది. నా మీద ఎగతాళి. ఎడమ చేత్తో బంతి తీసి, తిన్నగా నిలబడకుండానే, ఊరికే అలా విసిరింది.

బంతి మా ఆయన తల మీంచి వెళ్లింది. ఫెన్సు మీంచి వెళ్లింది. పక్కింటివాళ్ల షెడ్డు తలుపుకు ధడేలుమని తగిలింది.

ముగ్గురం ఎక్కడివాళ్లం అక్కడే ఉండిపోయాం. పిల్ల తన ఎడమ చేతి వైపు చూసుకుంది, ఎవరిదో చెయ్యి తనకు వచ్చి తగులుకున్నట్టు.

"మల్ల ఎయ్ బిడ్డా," అన్నారు మా ఆయన నెమ్మదిగా.

ఇంకో బంతి వేసింది. గురి లేదు, కుడివైపు బాగా పక్కకు పోయింది. కానీ దూరం వెళ్లింది, గట్టిగా వెళ్లింది. మూడోది ఆయన పాత గ్లౌజు ఎలాగో ఎడమ చేతికి ఇరికించుకుని పట్టుకుని, "అబ్బా" అని చెయ్యి విదిలించుకున్నారు. అప్పుడు తలెత్తి కిటికీ వైపు, నా వైపు చూశారు. ఆయన ఏమనుకుంటున్నారో నాకు తెలుసు, నేనూ అదే అనుకుంటున్నాను కాబట్టి.

మా అమ్మాయి పుట్టుకతో ఎడమచేతి వాటం. అది మాకు తెలుసు. పిల్లకు మాత్రం చెప్పలేదు, అంతే.

రెండేళ్ల పిల్లగా ఉన్నప్పుడు అది స్పూనూ, క్రేయానూ, బిస్కెట్టూ అన్నీ ఎడమ చేత్తోనే పట్టుకునేది. నేను తీసి కుడి చేతిలో పెట్టేదాన్ని. మళ్లీ మార్చుకునేది. మళ్లీ తీసి పెట్టేదాన్ని. డేకేర్ టీచర్ "వదిలేయండి, ఏ చేయైతే ఏం" అంది. ఆవిడకేం తెలుసు, రేపు నలుగురిలో ఎడమ చేత్తో అన్నం తింటే మాట పడేది నేను కదా అనుకున్నాను. మా ఆయన కూడా "ఇడిసిపెట్టు, ఏమైతది" అన్నారు. మొక్కై వంగనిది మానై వంగునా అని ఆయన నోరు మూయించాను. చివరికి నాలుగో ఏడు వచ్చాక, అన్నం పెట్టేటప్పుడు దాని ఎడమ చేతికి ఒక సాక్స్ తొడిగి, మణికట్టు దగ్గర రిబ్బన్‌తో కట్టేదాన్ని. నాలుగు నెలలు కట్టాను. ఐదో నెలకు సాక్స్ అక్కర్లేకపోయింది. "చూశారా, నేర్పితే రానిదంటూ లేదు" అని మా అమ్మకు ఫోన్ చేసి చెప్పుకున్నాను కూడా. కొట్టలేదు, తిట్టలేదు, పాటలు పాడుతూ ముద్దలు పెట్టాను కాబట్టి అది తప్పని నాకెన్నడూ అనిపించలేదు.

ఆ సాయంత్రం నాకు ఏ పనీ సాగలేదు. పిల్ల పక్కన కూర్చుని, ఎలా మొదలుపెట్టాలో తెలియక, "నీ చిన్నప్పుడు నేనొక పని చేశాను," అన్నాను.

"సాక్ గురించా?" అంది.

"నీకు గుర్తుందా?" అన్నాను.

"బ్లూ సాక్ కదా. అది పప్పెట్ అనుకున్నాను. నువ్వు అన్నం పెడుతుంటే నేను దానితో మాట్లాడేదాన్ని. తర్వాత నువ్వు తీసేశావు, నేను ఏడ్చాను కూడా." నా మొహంలోకి చూసి, "పప్పెట్ కాదా?" అని అడిగింది.

కాదని చెప్పాను. ఎందుకు కట్టానో మొత్తం చెప్పాను. చెబుతూ చెబుతూ నేనే ఏడ్చాను, సిగ్గులేకుండా, ముక్కు చీదుకుంటూ. తప్పు చేశాను నాన్నా అన్నాను. ఇరవై ఏళ్లలో ఆ మాట ఆఫీసులో ఒక్కసారీ అనలేదు. పిల్ల నా వీపు నిమిరింది. ఆ తర్వాత అది అన్న మాట వింటే మీకు దాని సంగతి అర్థమవుతుంది.

"సో ఇప్పుడు నేను లెఫ్టీతో ట్రయౌట్స్ చేయొచ్చా?"

దానికి నా కన్నీళ్లతో పని లేదు. టీమ్‌తో పని.

చేయొచ్చు గానీ అంత తేలిక కాదు. రెండేళ్లుగా ఎడమ చేత్తో బంతి పట్టడం అలవాటైన పిల్ల, ఇప్పుడు కుడి చేత్తో పట్టాలి. మొదటి రోజు పదింటికి తొమ్మిది జారవిడిచింది. ఒకటి గడ్డానికి తగిలింది. పాత గ్లౌజుతో పట్టగలదు, విసరలేదు. కొత్త గ్లౌజుతో విసరగలదు, పట్టలేదు. రెండింటిలో ఏది పోయినా టీమ్ పోయినట్టే.

ఆ రెండు వారాలూ మా ఇల్లు ఇల్లులా లేదు. సాయంత్రం ఐదింటికల్లా నేను ల్యాప్‌టాప్ మూసేసి పెరట్లోకి దిగేదాన్ని. పాత బూట్లు మార్పించి సరిపోయేవి కొన్నాం, ఈసారి పిల్లనే తీసుకెళ్లి. గ్లౌజు తోలు ఇంకాస్త సాగాలని, దానికి రాసే నూనె ఇంట్లో లేక కొబ్బరినూనె పట్టించాను. పిల్ల వాసన చూసి, "అమ్మా, ఇది నా జడ వాసన వస్తోంది," అని నెత్తి కొట్టుకుంది. నేను బంతులు దొర్లిస్తే అది పట్టి తండ్రికి విసిరేది. వారం తిరిగేసరికి పదింటికి నాలుగు పట్టింది. పది రోజులకు ఆరు. మా ఆయన అరచెయ్యి వాచి, ఆఫీసులో కప్పు పట్టుకోలేక స్ట్రాతో కాఫీ తాగారట. ఆ మాట చెప్పుకుని ఆయన మురిసిపోవడం చూడాలి.

ముందురోజు మాత్రం నాకు ధైర్యం చాల్లేదు. "పాతదానితోనే వెళ్తే మేలేమో. పట్టడమైనా వస్తుంది. పోయినసారి దూరం విసరమన్నారు గానీ, ఈసారి విసరమంటారో లేదో," అన్నాను మా ఆయనతో.

"దాన్ని అడుగు," అన్నారు.

"దానికేం తెలుసు, పదకొండేళ్ల పిల్ల."

ఆయన వాచిన చేత్తో తల రుద్దుకున్నారు. సంచిలో రెండు గ్లౌజులూ పెట్టాను.

ఆ ఆదివారం స్కూల్ జిమ్‌లో నలభై మంది పిల్లలున్నారు, వాళ్ల వెనక బెంచీల మీద మాలాంటి తల్లిదండ్రులు. కోచ్ పొడుగాటి మనిషి, జుట్టు టోపీ వెనక నుంచి లాగి కట్టుకుంది, మెళ్లో ఈల. పేర్లు పిలుస్తోంది. మా అమ్మాయి వంతు దగ్గర పడగానే బెంచీ దగ్గరకు పరిగెత్తుకొచ్చి, నా పక్కనున్న సంచి తెరిచింది. రెండు చేతుల్లో రెండు గ్లౌజులు.

"అమ్మా, ఏది?"

నా దగ్గర జవాబుంది. పాతది. నాలుక చివరే ఉంది. ఈ పిల్ల పుట్టినప్పటి నుంచి ఏది తినాలో, ఏది తొడుక్కోవాలో, ఏ చేత్తో రాయాలో నేనే చెప్పాను, ఒక్కసారి కూడా తడుముకోలేదు. మా ఆయన మోచేత్తో పొడవబోయి ఆగారు.

"చెయ్యి నీది. నువ్వే చెప్పాలి," అన్నాను.

అది నన్ను వింతగా చూసింది. నిజంగానేనా అన్నట్టు ఇంకోసారి చూసింది. తర్వాత పాతది నా ఒళ్లో పడేసి వెళ్లిపోయింది.

మొదటి బంతి తేలిగ్గా వచ్చింది. జారవిడిచింది. రెండోదీ జారవిడిచింది. పక్కనున్న ఒకావిడ "అయ్యో పాపం" అన్నట్టు నాలుక చప్పరించింది. నా ఒళ్లోని పాత గ్లౌజును నలిపేస్తున్నాను. మూడోది పట్టింది. నాలుగోది పట్టింది. ఐదోది కాలికి తగిలి పోయింది. కోచ్ కాగితం మీద ఏదో రాసుకుంది. ఇంక అయిపోయింది, ఇది ఇంటికొచ్చి సంచి అటక మీద పడేస్తుంది అనుకున్నాను. నేను పాతది చెప్పి ఉంటే ఐదూ పట్టేది కదా అని నన్ను నేను తిట్టుకున్నాను.

తర్వాత విసరమన్నారు. కోచ్ ఆ చివరకు వెళ్లి నిలబడింది. మా అమ్మాయి గీత మీద కాలు పెట్టి, ఎడమ చెయ్యి వెనక్కి తీసి విసిరింది. బంతి నేలను తాకలేదు. గాలిలోనే వెళ్లి కోచ్ గ్లౌజులో ఠప్‌మని పడింది. జిమ్ కదా, ఆ చప్పుడు అన్ని గోడలకూ తగిలింది. కోచ్ గ్లౌజులోకి చూసుకుని, వెనక్కి విసిరి, మళ్లీ వేయమంది. మళ్లీ ఠప్. మూడోది పక్కకు పోయింది. నాలుగోది, ఐదోది మళ్లీ తిన్నగా.

కోచ్ నడిచొచ్చింది. మేం దగ్గర్లోనే ఉన్నాం కాబట్టి వినిపించింది.

"పోయిన ఏడాది నువ్వు కుడి చేత్తో కదా వేసింది?"

"అవును. అది మా పొరపాటు," అంది మా అమ్మాయి.

మా పొరపాటు అంది. మా అమ్మ పొరపాటు అనలేదు. నేను తల దించుకుని సంచి జిప్పు సర్దాను, అది సరిగ్గానే ఉన్నా.

బుధవారం సాయంత్రం మెయిల్ వచ్చింది. రెండో టీమ్‌లో చోటిచ్చారు. లెఫ్టీ కాబట్టి ఫస్ట్ బేస్‌లో, అంటే మిగతావాళ్లు విసిరే బంతులందుకునే చోట, ఆడిస్తామనీ, పట్టడం బాగా సాధన చేయాలనీ రాశారు. పిల్ల సోఫా మీద ఎక్కి గెంతింది. మా ఆయన బయటికెళ్లి పక్కింటాయనకు చెప్పి వచ్చారు, షెడ్డు తలుపు సొట్ట ఎందుకు పడిందో కూడా అప్పుడే చెప్పారట. నేను సేమ్యా పాయసం వండాను, చక్కెర ఎక్కువైంది, ఎవరూ పట్టించుకోలేదు.

తింటూ తింటూ పిల్ల గిన్నె పక్కన పెట్టి, మామూలుగా, హోమ్‌వర్క్ సంగతేదో అడిగినట్టు అడిగింది.

"అమ్మా, నాకు తెలియకుండా నాలో ఇంకా ఏమేం ఛేంజ్ చేశావు?"

కోపం లేదు దాని మొహంలో. వట్టి కుతూహలం. ఇంకేమైనా మంచివి దొరుకుతాయేమోనని ఆశ. ఏమీ లేదని చెప్పడం తేలిక. రెండు వారాల క్రితమైతే అదే చెప్పేదాన్ని.

"నువ్వు గట్టిగా నవ్వేదానివి," అన్నాను చివరికి. "చాలా గట్టిగా, నోరంతా తెరిచి. ఎవరి ఫంక్షన్‌కి వెళ్లినా అందరూ తిరిగి చూసేవాళ్లు. ఆడపిల్ల అలా నవ్వకూడదు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకో అని చెప్పి చెప్పి మాన్పించాను."

"నేనా? గట్టిగానా?"

"నువ్వే. గుర్తు లేదా?"

గుర్తు లేదంది. అది గుర్తుండే వయసుకు ముందే మాన్పించానన్నమాట. అది నిటారుగా కూర్చుని, నవ్వి చూసింది. దొంగ నవ్వొచ్చింది. ఇంకోసారి ప్రయత్నిస్తే దగ్గొచ్చింది. "గట్ల గాదు బిడ్డా," అని మా ఆయన గాడిద ఓండ్ర పెట్టినట్టు ఒక నవ్వు నవ్వి చూపించబోయారు. పాయసం పొరబోయింది, ముక్కులోంచి సేమ్యా వచ్చింది.

పిల్ల నవ్వింది. అలవాటుగా చెయ్యి నోటి దాకా లేచింది. మధ్యలో ఆగి, నన్ను చూసి, దించేసింది. ఆ తర్వాత వచ్చిన నవ్వు నేను ఎనిమిదేళ్లుగా వినలేదు.